రెండు లక్షల తేడాతో పెద్ద పికప్: చిత్తూరు, తిరుపతి రోడ్ల మీద ఆ లెక్క నిలుస్తుందా?

సరుకు బండి కొనడానికి షోరూమ్‌కి వెళ్లినవాళ్లకు బేరం చివర్లో ఒక మాట తప్పకుండా వినపడుతుంది. ఇంకో రెండు లక్షలు వేసుకుంటే పెద్ద బండే వచ్చేస్తుంది కదా, చిన్నదాంతో ఎందుకు సరిపెట్టుకోవడం అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఎనిమిది లక్షలు పెట్టేవాడికి పది లక్షలు పెద్ద దూరం అనిపించదు, పైగా కట్టేది కంతుల్లోనే. కానీ పలమనేరు, వి.కోట, పూతలపట్టు, శ్రీకాళహస్తి వైపు సొంతంగా బండి నడుపుకుని బతికే కుటుంబానికి నెల చివర చేతిలో ఏం మిగులుతుందో ఆ రెండు లక్షలే తేలుస్తాయి. అందుకే దీన్ని కాగితం మీద పెట్టి చూడాలి.

ముందు ఏ బండిని ఏ సైజు అనాలో తేల్చుకుందాం. మన దగ్గర నడిచే పికప్‌లు మూడు రకాలు. అన్నిటికంటే చిన్నది టాటా ఏస్ తరగతి. 2005లో వచ్చిన ఈ బండిని తమిళనాడు సరిహద్దు ఊళ్లలో కుట్టి యానై అని కూడా పిలుస్తారు. ఇది 700 నుంచి 750 కిలోల వరకు మోస్తుంది. దాని పైన 1,300 నుంచి 1,500 కిలోలు మోసే మధ్య తరగతి ఉంది: టాటా ఇంట్రా వి30, వి50, అశోక్ లేలాండ్ దోస్త్‌లో పెద్ద రకాలు, మహీంద్రా బొలెరో మ్యాక్స్ పికప్‌లో సిటీ రకాలు. ఆపైన 1,700 నుంచి 2,000 కిలోల పెద్ద తరగతి. బొలెరో మ్యాక్స్ పికప్ హెచ్‌డీ, టాటా యోధ 2.0 ఇందులోకి వస్తాయి. షోరూమ్‌లో తర్జనభర్జన జరిగేది ఎక్కువగా రెండో తరగతికీ మూడో తరగతికీ మధ్యనే.

ఇదే తర్జనభర్జన అమెరికాలోనూ ఉంది, సైజులే వేరు. అక్కడ టయోటా టకోమా లాంటి బండిని మిడ్‌సైజ్ అంటారు, ఫోర్డ్ ఎఫ్-150 లాంటిదాన్ని ఫుల్‌సైజ్ అంటారు. మొదటిది ముప్పై వేల డాలర్ల పైచిలుకుతో మొదలవుతుంది, రెండోది నలభై వేలకు కాస్త అటూఇటూగా. మిడ్‌సైజ్‌లో సోకులున్న రకం తీసుకుంటే ఆ డబ్బుకు మామూలు ఫుల్‌సైజ్ వస్తుంది. మైలేజీలో కూడా పెద్ద తేడా ఉండదు. నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు ప్లైవుడ్ షీటు ఫుల్‌సైజ్ బండి చక్రాల గూళ్ల మధ్య నేల మీద పరుచుకుంటుంది. మిడ్‌సైజ్‌లో గూళ్ల పైన ఆనించాల్సి వస్తుంది. కాబట్టి అక్కడ చాలామంది పెద్దదానికే మొగ్గుతారు, విశాలమైన రోడ్లూ చవకైన పెట్రోలూ ఉన్న దేశంలో అది తప్పు కాదు. ఎఫ్-150లో నాలుగు తలుపుల రకం 5.9 మీటర్ల పొడవు, అద్దాలు వదిలేసినా రెండు మీటర్ల వెడల్పు. అలాంటి బండి తిరుపతి గాంధీ రోడ్డులో నిలబడితే మిగతా ట్రాఫిక్ ఎటు పోవాలి? అక్కడ మిడ్‌సైజ్ అనిపించుకునే కొలతలో ఉన్న టయోటా హైలక్స్, ఇసుజు వి-క్రాస్‌లే మన దేశంలో అన్నిటికంటే పొడవైన పికప్‌లలోకి వస్తాయి.

ఇక మన లెక్క. కింద వాడిన అంకెలు ఉదాహరణ కోసం తీసుకున్నవి, ఎవరి బాడుగ రేటు వాళ్లు వేసుకుని చూసుకోవచ్చు. మధ్య బండి ఎనిమిది లక్షలు, పెద్ద బండి పది లక్షలు అనుకుందాం. నాలుగేళ్ల ఫైనాన్స్, 11 శాతం వడ్డీ అయితే లక్షకు నెలకు దాదాపు 2,585 రూపాయల కంతు పడుతుంది. రెండు లక్షల తేడాకు 5,170. నెలకు 26 రోజులు బండి తిరిగితే రోజుకు 200 రూపాయలు అదనం. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే బండికి లోడుతో మధ్యదైతే లీటరుకు 15, పెద్దదైతే పన్నెండున్నర కిలోమీటర్లు వస్తుందనుకుంటే, డీజిల్ లీటరు 97 రూపాయల లెక్కన ఇంకో 130 రూపాయలు. టైర్లు, బ్రేకులు, కమాను పట్టీల కింద రోజుకు నలభై వేసుకోవాలి. ఇంతవరకు 370 రూపాయలు అయింది.

తర్వాతి ఖర్చును చాలామంది లెక్కలోకే తీసుకోరు. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం జీవీడబ్ల్యూ అనే మొత్తం బరువు, అంటే బండి బరువూ లోడూ కలిపి, 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. మధ్య తరగతిలో చాలా బండ్లను కంపెనీలు ఆ గీతకు లోపలే ఆపుతున్నాయి. 1,500 కిలోలు మోసే ఇంట్రా వి50 కూడా 3,000 లోపే ఉంటుంది. 1,700 కిలోల బండి మాత్రం గీత దాటిపోతుంది. మిగతా జిల్లాల్లో ఇది చిన్న విషయం కావచ్చు. కానీ చిత్తూరు నుంచి వేలూరు నలభై కిలోమీటర్ల లోపే. పలమనేరు దాటి కాసేపు పోతే నంగిలి, అంటే కర్ణాటక. కుప్పానికి రెండు రాష్ట్రాలూ వాకిట్లోనే ఉన్నాయి. కోలారు మార్కెట్టుకో చెన్నై కోయంబేడు మార్కెట్టుకో వెళ్లడం ఇక్కడ రోజువారీ పని. నేషనల్ పర్మిట్ తీసుకుంటే ఏడాదికి 16,500 రూపాయల ఫీజు, దాని పైన ఆథరైజేషన్ వెయ్యి. రోజుకు 56 రూపాయలు. పర్మిట్ అక్కర్లేని బండికి పొరుగు రాష్ట్రం ట్యాక్సు కూడా ఉండదని మాత్రం అనుకోకూడదు. అది వేరే విషయం, సరిహద్దు దాటేముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

మొత్తం కలిపితే పెద్ద బండి రోజుకు 425 రూపాయలు ఎక్కువ సంపాదిస్తేనే మధ్య బండితో సమానం. ఈ డబ్బు ఎక్కడి నుంచి రావాలి? టమోటా లోడునే తీసుకుందాం. క్రేటుతో కలిపి 27 కిలోలు అనుకుంటే 1,300 కిలోల బండిలో 48 క్రేట్లు, 1,700 కిలోల బండిలో 62 క్రేట్లు పడతాయి. తేడా 14 క్రేట్లు. క్రేటుకు 25 రూపాయల బాడుగ వస్తే 350 రూపాయలు. అంటే బండి అంచు వరకు నిండినా, పోయేటప్పుడు లోడుతో పోయి ఖాళీగా తిరిగొచ్చే పద్ధతిలో పెద్ద బండి తన అదనపు ఖర్చు కూడా తెచ్చుకోలేదు. రెండు టన్నుల బండి అయితే 74 క్రేట్లు పడతాయి, అదనంగా వచ్చేది 650. కానీ దాని ధర ఇంకా ఎక్కువ. పైగా ఈ లెక్కలోని 425 రూపాయల ఖర్చుకే రోజూ 65 క్రేట్లు దొరకాలి. ఒక్క రైతు ఒక్క కోతలో అంత ఇవ్వడం అరుదు, కాబట్టి తెల్లారకముందే మూడు నాలుగు తోటలు తిరిగి ఏరుకోవాలి. ఆ తిరుగుడుకు పోయే డీజిలూ టైమూ ఈ లెక్కలో లేవు.

లెక్కను మొత్తంగా తిరగేసే అంశం ఒక్కటే, రిటర్న్ లోడు. మదనపల్లె మార్కెట్టుకు టమోటా వేసుకెళ్లిన బండి వచ్చేటప్పుడు ఎరువుల బస్తాలో, దాణా మూటలో, సిమెంటో నింపుకుని వస్తే అదనంగా పట్టే 400 కిలోలు రెండు వైపులా డబ్బు తెస్తాయి. అప్పుడు 350 కాస్తా 700 అవుతుంది, పెద్ద బండి దర్జాగా నిలబడుతుంది. కాబట్టి కొనేవాడు తనను తాను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: నాకు వచ్చేటప్పుడు లోడు ఇచ్చే షాపు, డిపో, ఏజెన్సీ ఉన్నాయా? ఉన్నాయని ఖాయంగా చెప్పగలిగితే పెద్దది తీసుకోవచ్చు. దొరుకుతుందిలే అనే ధైర్యంతో మాత్రం తీసుకోకూడదు. దొరక్కపోయిన నెల కూడా కంతు అడుగుతుంది.

ఇక్కడ మామిడి సంగతి చెప్పకపోతే వ్యాసం సగమే అవుతుంది, ఎందుకంటే పెద్ద బండి కొనడానికి చెప్పే కారణాల్లో సగం తోతాపురి సీజనే. జూన్, జూలైలో బాడుగలకు కొదవ ఉండదు, ఆ రెండు నెలల ఊపు చూసి ఏడాదంతటికీ సరిపడా బండి కొనేస్తారు. కానీ పల్ప్ ఫ్యాక్టరీకి పోయే లోడు టన్నుల్లో ఉంటుంది. ఐదు టన్నుల కాయ కోసిన రైతుకు 1,700 కిలోల బండి మూడు ట్రిప్పులు తిరగాలి, 1,300 కిలోలది నాలుగు. ఆ పనికి ట్రాక్టరో లారీయో ఎటూ వస్తుంది. 2025 సీజన్‌లో ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేసినప్పుడు ఫ్యాక్టరీల గేట్ల ముందు బండ్లు బారులు తీరాయి. వరసలో నిలబడిపోయిన బండికి ట్రిప్పులు ఉండవు, కంతు మాత్రం ఉంటుంది. ట్రాక్టరు ట్రాలీని వరసలో వదిలేసి ఇంజన్‌తో ఇంటికి పోవచ్చు, పికప్‌ని అలా వదల్లేం. కాబట్టి మామిడి కోసం పెద్ద పికప్ కొనడం కంటే, మిగతా పది నెలలకు సరిపోయే బండి ఉంచుకుని, ఆ రెండు నెలలు అవసరమైతే ఇంకో బండిని బాడుగకు మాట్లాడుకోవడం మేలు.

పాలకూ పూలకూ లెక్క మళ్లీ వేరు. పాల బండి రోజూ అవే ఊళ్లు తిరుగుతుంది, ఎన్ని క్యాన్లో ముందే తెలుసు. 40 లీటర్ల క్యాను నిండితే యాభై కిలోల దాకా తూగుతుంది. పాతిక క్యాన్ల రూటుకు 1,300 కిలోల బండి హాయిగా సరిపోతుంది. అలాంటి ఖాయమైన రూటు ఉన్నవాడికి పెద్ద బండి ఆశ పుట్టాల్సిన పనే లేదు. పూలు, బొరుగులు, పరుపులు, ఫర్నిచర్ లాంటివి బరువు తక్కువ, చోటు ఎక్కువ తింటాయి. వీటికి కిలోలతో పనిలేదు, బాడీ పొడవు చూడాలి. ఏస్ ప్రోలో ఆరున్నర అడుగులు, ఇంట్రా వి30లో ఎనిమిదిన్నర దాటి, పెద్ద బొలెరోలో పది అడుగుల దాకా ఉంటుంది. ఇలాంటి సరుకే ఎక్కువగా వేసేవాళ్లకు పెద్ద బాడీ నిజంగానే ఉపయోగం. సిమెంటు, టైల్స్, గ్రానైట్ ముక్కలకు ఇది తలకిందులు: బాడీ సగం కూడా నిండకముందే బరువు అయిపోతుంది. 50 కిలోల సిమెంటు బస్తాలు 26 వేస్తే 1,300 కిలోలు. చూస్తే బండి ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది, ఇంకో పది వేద్దామనిపిస్తుంది. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఓవర్‌లోడ్ గురించి సర్దిచెప్పుకునే మాటలు చాలా ఉన్నాయి, ఒక్కటీ నిలబడదు. 2019 సవరణ తర్వాత 194వ సెక్షన్ కింద జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000. ఒక్కసారి పట్టుబడితే రెండు వారాలకు పైగా సంపాదన పోతుంది. డబ్బు అలా ఉంచితే, మన దారులు చూడాలి. చిత్తూరుకూ పలమనేరుకూ మధ్య మూడు వందల మీటర్లకు పైగా ఎత్తు తేడా ఉంది, దాన్ని మొగిలి ఘాట్‌లో ఎక్కాలి, దిగాలి. తిరుపతి నుంచి పీలేరు వైపు పోవాలంటే భాకరాపేట ఘాట్ దాటాలి. ఎక్కేటప్పుడు ఇంజన్ మూలుగుతుంది, అంతవరకే. దిగేటప్పుడు అదనపు బరువంతా బ్రేకుల మీద పడుతుంది. రోజూ ఘాట్ మీద 1,600, 1,700 కిలోలు వేయక తప్పదని ముందే తెలిసినవాళ్లు మధ్య బండి కొని దాని మీద రుద్దకూడదు. వాళ్లకు పెద్ద డీజిల్ ఇంజన్, దానికి తగ్గ బ్రేకులు, టైర్లు ఉన్న పెద్ద బండే సరైనది. ఇందులో లాభనష్టాల ప్రశ్నే లేదు.

ఇంకో అలవాటు మీద కూడా గట్టిగా చెప్పాలి. పెళ్లికో, జాతరకో, కొండకో పికప్ వెనక జనాన్ని ఎక్కించుకుని పోవడం ఈ ప్రాంతంలో మామూలైపోయింది. పెద్ద బండి కొంటే ఇంటిల్లిపాదీ పోవచ్చు అనే మాట కూడా వినిపిస్తుంది. సరుకు బండిలో సరుకు తాలూకు మనిషి కాకుండా ఊరికే ఎక్కినవాళ్లకు ఏమైనా అయితే ఇన్సూరెన్స్ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు 2002 చివర్లో, ఆ తర్వాత కూడా తేల్చి చెప్పింది. వెనక బాడీలో పట్టుకోవడానికి కమ్మీ తప్ప ఇంకేం ఉండదు. పిల్లల్ని అందులో కూర్చోబెట్టి ఘాట్ దిగడం ఏ కారణంతోనూ ఒప్పుకోదగ్గ పని కాదు.

కొన్ని ఖర్చుల్లో మాత్రం సైజు తేడా ఉండదు. బాడుగకు తిరిగే 7,500 కిలోల లోపు నాలుగు చక్రాల డీజిల్, పెట్రోలు సరుకు బండ్లన్నిటికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం ఒకటే. 2022లో ప్రకటించిన రేటు 16,049 రూపాయలు, పన్ను అదనం. ఏస్‌కైనా అంతే, రెండు టన్నుల యోధకైనా అంతే. డ్రైవరు జీతం కూడా బండి సైజును బట్టి మారదు. 7,500 కిలోల లోపు బండికి ఎల్‌ఎంవీ అనే మామూలు తేలికపాటి వాహనాల లైసెన్స్ చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఖరారు చేసింది. ఫిట్‌నెస్ కూడా రెండింటికీ ఒకే తీరు: మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా. ఈ ఖర్చులు కిలోల మీద పంచుకుంటే చిన్న బండికే ఎక్కువ బరువనిపిస్తాయి. అందుకే 750 కిలోల ఏస్ పల్లెల మధ్య పొడవైన రూట్లకు అంతగా గిట్టదు. తిరుపతి టౌన్‌లోపల మాత్రం దాని దారి వేరు. గోవిందరాజస్వామి గుడి చుట్టూ వీధుల్లో హోటళ్లకు కూరగాయలు, షాపులకు సరుకులు, ఇళ్లకు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు దించాలంటే మూడున్నర మీటర్ల బండి దూరిన చోటికి ఐదు మీటర్ల బండి పోదు. 2025 జూన్‌లో వచ్చిన ఏస్ ప్రో పెట్రోలు రకం 3.99 లక్షలతో మొదలైంది, కరెంటు రకం ఆరున్నర లక్షలతో. రోజుకు అరవై డెబ్భై కిలోమీటర్లు ఊళ్లోనే తిరిగి రాత్రి ఇంటికొచ్చే బండికి కరెంటు రకం ఆలోచించదగ్గదే.

ధరల్లో ఈమధ్య వచ్చిన మార్పు కూడా చూడాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి డీజిల్, పెట్రోలు సరుకు బండ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి పది లక్షలున్న బండి, కంపెనీ మొత్తం తగ్గింపు ఇస్తే, 9.22 లక్షలకు దిగాలి. ఎనిమిది లక్షలది 7.38కి దిగాలి. ఆ రెండు లక్షల తేడా 1.84 లక్షలు అయింది, అంతే. పెద్ద బండి ఇప్పుడు చవక అనే ప్రచారంలో నిజం ఉంది కానీ, మధ్య బండి కూడా అంతే శాతం తగ్గిందని మర్చిపోకూడదు. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారులకు సరుకు బండి మీద కట్టిన పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వాడుకునే వీలుంది. కంపెనీ పేరు మీద కొనేవాళ్లు ఇది వదులుకోకూడదు.

డీజిల్ విషయంలో చిత్తూరు డ్రైవర్లు ఎప్పటినుంచో చేసే పనే చేయాలి. ఆంధ్రాలో ధర పొరుగు రాష్ట్రాల కంటే ఎక్కువ కాబట్టి సరిహద్దు దాటిన రోజు ట్యాంకు అక్కడే నింపుకుని వస్తారు. ఎక్కువ డీజిల్ తాగే పెద్ద బండికి దీనివల్ల కాస్త ఊరట, కానీ సరిహద్దు దాటే రూటు ఉంటేనే.

నాలుగు తలుపుల పికప్‌ల గురించి కూడా అడుగుతుంటారు. ఇసుజు ఫ్యాక్టరీ 2016 నుంచి శ్రీసిటీలోనే ఉంది, ఇప్పుడది తిరుపతి జిల్లా. వి-క్రాస్ మన నేల మీద తయారవుతుందంటే సంతోషమే. అయినా పాతిక లక్షల చుట్టుపక్కల పలికే ఆ బండినీ, 2022లో 33.99 లక్షలతో వచ్చి తర్వాత ధర తగ్గిన హైలక్స్‌నూ బాడుగ లెక్కలోకి తేకూడదు. వెనక బాడీ ఐదడుగులే. తోటకు కుటుంబంతో పోయి నాలుగు బుట్టలు వేసుకొచ్చే పెద్ద రైతుకు, క్వారీలూ సైట్లూ తిరిగే కాంట్రాక్టరుకు అది కారుకు బదులు పనికొస్తుంది. సరుకు మోసి సంపాదించాలంటే అదే డబ్బుకు మామూలు పికప్‌లు రెండు మూడు వస్తాయి.

ఇవన్నీ చూశాక చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ఒక్క బండితో మొదలుపెట్టేవాళ్లకు 3,000 కిలోల గీతకు లోపలున్న 1,300–1,500 కిలోల బండే మొదటి ఎంపిక కావాలి. రిటర్న్ లోడు ఖాయంగా ఉన్నవాళ్లు, ఘాట్ మీద రోజూ బరువు సరుకు వేసేవాళ్లు, పొడవైన బాడీ అవసరమైనవాళ్లు పెద్దదానికి పోవచ్చు.

ఏది కొన్నా డెలివరీ తీసుకున్న వారంలోపే ఒక పని చేయాలి. షోరూమ్ నుంచి వచ్చాక చాలామంది బాడీకి ఇనుప గ్రిల్లు ఎత్తు కట్టిస్తారు, కింద రేకు వేయిస్తారు, పైన క్యారియర్ పెట్టిస్తారు. ఇదంతా కలిపి వంద కిలోలైతే 1,300 కిలోల బండి ఆ రోజు నుంచి 1,200 కిలోల బండే, ఎందుకంటే ఆర్‌సీలో ఉన్న మొత్తం బరువు మారదు. పని అయ్యాక ట్యాంకు నింపి, డ్రైవరు కూర్చుని, ఖాళీ బండిని దగ్గరున్న వేబ్రిడ్జి మీద తూకం వేయించాలి. వచ్చిన బరువును ఆర్‌సీలోని జీవీడబ్ల్యూ నుంచి తీసేస్తే నిజంగా వేయగలిగే లోడు ఎంతో తేలుతుంది. ఆ అంకెను క్యాబిన్‌లో కనిపించేలా రాసి పెట్టుకుంటే లోడు చేసే చోట హమాలీలతో వాదన ఉండదు.